పొరటు ఎలా ఉందో చెప్పలేదు

గుడ్డు పొరటు గురించి ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ ఒక్క మాట అడగలేదు. మా గుంటూరు వైపు తిండి గురించి రాసేవాళ్ళు గోంగూర దగ్గర మొదలుపెట్టి పండుమిరప పచ్చడి దగ్గర ఆగిపోతారు. మధ్యలో ఎవరికైనా ఆకలేసి రెండు గుడ్లు కొట్టుకుని తిన్నారేమోనన్న అనుమానం కూడా వాళ్ళకు రాదు. ఆమధ్య ఒక అమ్మాయీ అబ్బాయీ కెమెరా పట్టుకుని మా ఊరొచ్చారు. మా వసారాలో కూచుని మా ఆవిడ చేత గంటసేపు పచ్చళ్ళ గురించి చెప్పించుకున్నారు. నేను పక్కనే నిలబడి, "పొరటు సంగతి కూడా తీసుకోండమ్మా, అది నేను చేస్తాను" అన్నాను. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా, "అంకుల్, కొంచెం పక్కకి జరుగుతారా, మీ నీడ పడుతోంది" అంది. జరిగాను. ఆ వీడియోలో నా మోచెయ్యి కనిపిస్తుంది. కావాలంటే చూసుకోవచ్చు.

అందుకని నేనే రాస్తున్నాను. ఫిర్యాదు రాయడం నాకు కొత్తేం కాదు. పొలానికెళ్ళే దారిలో గుంట గురించి రాశాను. మధ్యాహ్నం మూడింటికి పోయే కరెంటు గురించి రాశాను. నకిలీ మిరప విత్తనాల గురించి అయితే ఎన్ని కాగితాలు రాశానో నాకే తెలియదు. గుంట అలాగే ఉంది గానీ, "మీ అర్జీ అందినది" అని ఒక ముక్క మాత్రం వచ్చింది. మా ఇంట్లో ఆ ముక్క కూడా రాలేదు. పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటింది. నేను చేసిన పొరటు ఎలా ఉందో మా ఆవిడ ఇంతవరకూ చెప్పలేదు.

మగవాడివి, నువ్వెందుకు చేశావని అడుగుతారు. మా ఇంటి పద్ధతి అలాంటిది. మా అమ్మ రోజుల నుంచీ గుడ్డు గానీ మాంసం గానీ వంటింట్లోకి రాదు. నీచు వంటకు పెరట్లో వేరే పొయ్యి, వేరే మూకుడు. ఆ మూకుడు గొడ్లపాక గోడకు మేకు మీద వేలాడుతుంది తప్ప గడప దాటదు. ఇప్పుడు గొడ్లు లేవు, పాకలో మోటార్ సైకిలు ఉంటోంది, కట్టెల పొయ్యి పోయి ఒంటి పొయ్యి గ్యాసు వచ్చింది. మూకుడూ మేకూ మాత్రం అక్కడే ఉన్నాయి. ఇక ఆడవాళ్ళకు వారాలుంటాయి. సోమవారం శివుడిది, శనివారం వెంకటేశ్వరస్వామిది, మధ్యలో మంగళవారం, శుక్రవారం కూడా పంచిపెట్టేశారు. ఏ వారమూ లేని మనిషిని ఇంట్లో నేనొక్కణ్ణే. వారం ఉన్న మనిషి గుడ్డు ముట్టుకోదు, ముట్టుకుంటే తలస్నానం చెయ్యాలి. ఆ చన్నీళ్ళకు భయపడి నా భార్య పెళ్ళయిన కొత్తలోనే మూకుడు నా చేతిలో పెట్టింది. ఆవిడ తినే రోజుల్లో కూడా అది తిరిగి తీసుకోలేదు.

నాకు నేర్పింది మా అమ్మ. ఆవిడ పొరటుకు గుడ్ల కన్నా ఉల్లిపాయలు ముఖ్యం. మూడు గుడ్లకు రెండు పెద్ద ఉల్లిపాయలు, సన్నగా నిలువుగా తరగాలి. నూనెలో కరివేపాకు, చీల్చిన పచ్చిమిరపకాయలు, ఆ తరవాత ఉల్లిపాయ, దాని మీదే పసుపూ ఉప్పూ. ఉల్లిపాయ అద్దంలా మెత్తబడాలి గానీ ఎర్రబడకూడదు. ఎర్రబడిందా, తీపి తిరుగుతుంది, గుడ్డు దానికి లొంగిపోతుంది. అప్పుడు గుడ్లు విడిగా గిలక్కొట్టకుండా నేరుగా ఉల్లిపాయల మీదే కొట్టాలి. ఇక్కడే అందరూ చెడగొడతారు. గుడ్డు పడీపడగానే గరిటె పట్టుకుని కలబడతారు. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు అలా కలబడితే మా అమ్మ గరిటె లాక్కుంది. "ఒరేయ్, దాన్ని తరమమాకరా! అది ఎటూ పోదు, మూకుట్లోనే ఉంటది" అంది. అంచులు తెల్లబడే దాకా ఆగి, పెద్ద పెద్ద ముక్కలుగా తిరగెయ్యాలి. కారం పొయ్యి మీద వెయ్యకూడదు. మా చేలో కాయ దంచిన కారం కాగిన నూనెలో పడితే ఇంటిల్లిపాదీ దగ్గుకుంటూ వీధిలో నిలబడాలి. మూకుడు దించాక, ఇంకా కొంచెం తడిగా ఉండగానే, పైన చల్లి మూత పెట్టాలి. మిగతా పని ఆ వేడే చూసుకుంటుంది. మొత్తం మీద వంటవాడి తెలివి ఎప్పుడు దించాలో తెలియడంలో ఉంది.

ఇది నా అసలు పొరటు. కొత్త పెళ్ళికూతురికి ఇదే చేసి పెట్టాను. తింది. పళ్ళెం కడిగింది. "రేపు చాకలి వస్తాడా?" అని అడిగింది.

మిరపకాయ కల్లంలో చేసేది వేరు. కోతలైపోయి కాయ ఆరబోసిన రోజుల్లో కల్లం దగ్గర ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి ఎప్పుడూ నేనే. అక్కడ గ్యాసు లేదు, మూడు రాళ్ళూ ఎండిన పత్తికట్టే. పత్తికట్టె మంట మా ఊరి మనుషుల కోపం లాంటిది. ఒక్కసారిగా లేస్తుంది, అంతలోనే ఆరిపోతుంది. దాని మీద మా అమ్మ పద్ధతి కుదరదు. గుడ్లు ముందే లోటాలో గిలక్కొట్టి, ఉప్పూ కారం అందులోనే కలిపి ఉంచుకోవాలి. ఉల్లిపాయ సగం పచ్చిగా ఉండగానే లోటా బోర్లించి, మంట పడిపోయే లోపల నాలుగు తిప్పులు తిప్పి దించాలి. ఉల్లిపాయ పంటి కింద కరకరలాడుతుంది, గుడ్డుకు పొగ వాసన పడుతుంది. అన్నంలోకి అంత బాగుండేది మరొకటి నేను తినలేదు. ఒకనాటి మధ్యాహ్నం మా ఆవిడ క్యారేజీలో అన్నం తెచ్చింది. ఇద్దరం కాయ కుక్కిన టిక్కీ బస్తాల పక్కన కూచుని తిన్నాం. ఆవిడ రెండోసారి వడ్డించుకుంది. మెతుకు మిగల్చలేదు. నేను ఆవిడ మొహం వైపే చూస్తున్నాను. ఆవిడ తలెత్తి ఆకాశం వైపు చూసి, "మబ్బు పట్టేట్టుంది, కాయ మీద పట్టాలు కప్పుతారా లేదా?" అంది. ఆ సాయంత్రం ఒక్క చినుకు పడలేదు. ఆ సంగతి కూడా నేను మరిచిపోలేదు.

టమాటా పొరటు ఆవిడ పుట్టింటి వంట. చీరాలలో వాళ్ళది చేనేత చీరల దుకాణం, మెత్తటి మనుషులు, మెత్తటి కూరలు. టమాటాలు నూనె పైకి తేలేదాకా మగ్గించి గుడ్డు కొడతారు. అది పొరటు కాదు, పులుసు కాబోయి ఆగిపోయిన కూర. చపాతీలోకి బాగానే ఉంటుందని న్యాయంగా ఒప్పుకుంటాను. ఒక్కటే జాగ్రత్త, టమాటా తడి పూర్తిగా ఇగరాలి. ఇగరకపోతే గుడ్డు విరిగిన పాలలా పలకలు పలకలుగా తేలుతుంది. మునగాకు పొరటు దానికన్నా నయం. లేత ఆకు దూసి, నూనెలో గలగలలాడేదాకా వేయించి, ఆ తరవాతే గుడ్డు. ముదురాకు వేస్తే చేదు. కారం వద్దు, మిరియాల పొడి చాలు. ఇవన్నీ చేశాను, అన్నీ తింది. ఏ రోజూ ఏమీ అనలేదు.

చిన్నచూపులన్నీ ఓర్చుకున్నాను గానీ ఆ తరవాత జరిగినది ఓర్చుకోలేకపోయాను.

ఒక ఆదివారం మా బావమరిది చీరాల నుంచి వచ్చాడు. ఫోనులో ఏదో చూసి నేర్చుకున్నాడట. "బావగారూ, ఇవాళ మీరు కూచోండి, పొరటు నేను చేస్తా" అన్నాడు. నా పెరట్లో, నా పొయ్యి మీద, మా అమ్మ మూకుట్లో వెన్న వేశాడు. ఉల్లిపాయ లేదు, పసుపు లేదు. గుడ్లలో పాలు పోసి గిలక్కొట్టి, మంట సన్నగా పెట్టి, చెక్క గరిటెతో ఆపకుండా తిప్పుతూనే ఉన్నాడు. కాసేపు పొయ్యి మీద ఉంచుతాడు, కాసేపు దించుతాడు, మళ్ళీ పెడతాడు.

"ఏమోయ్, పసిపిల్లకు ఉగ్గు కలుపుతున్నావా?" అన్నాను.

"ఇదే అసలైన పద్ధతి బావగారూ. గుడ్డు గట్టిపడకూడదు."

"గట్టిపడకూడదనుకుంటే పచ్చిదే తాగితే పోలా?"

నవ్వాడు. వాడికి కోపం రాదు, అదొక లోపం. చివరకు పోపు పెట్టని పెసరపప్పు లాంటిదొకటి పళ్ళెంలో పోశాడు, పైన చిటికెడు మిరియాల పొడి. నేను తొట్టి దగ్గర చెయ్యి కడుక్కుంటున్నాను. నా వెనక మా ఆవిడ గొంతు స్పష్టంగా వినిపించింది.

"బాగుందిరా తమ్ముడూ."

రెండే మాటలు. ముప్పై ఏళ్ళుగా నేను దేనికోసం చూస్తున్నానో అవే మాటలు, నా పెరట్లోనే, ఉల్లిపాయైనా లేని కూరకు.

వాడు బస్సెక్కాక అడిగాను. "నాకెప్పుడూ ఆ మాట అనలేదే?"

"ఏ మాట?"

"బాగుందని."

ఆవిడ నన్ను వింతగా చూసింది. "చుట్టం చేస్తే బాగుందంటారు. ఇంట్లో మనిషి చేస్తే తింటారు" అని లోపలికెళ్ళింది.

ఇందులో ఏదో న్యాయం ఉన్నట్టు వినిపిస్తుంది గానీ, ఆలోచిస్తే ఏమీ లేదు. అంటే ఒక్క మంచి మాట వినడానికి నేను ఈ ఇంటికి చుట్టాన్ని కావాలన్నమాట. ఒకరోజు సంచి పట్టుకుని వీధి గుమ్మంలోంచి వచ్చి వండుదామా అని కూడా అనుకున్నాను. ఆవిడ కాళ్ళకు నీళ్ళిచ్చి, ఏ ఊరని అడుగుతుందేమోనని మానేశాను.

ఆ తరవాతి ఎండాకాలంలో నా గుండెలో ఒక నాళం మూసుకుపోయింది. గుంటూరు తీసుకెళ్ళి స్టెంటు వేయించారు. డాక్టరు పచ్చసొన మానెయ్యమన్నాడు. కనుక తెల్లసొన పొరటు గురించి కూడా అధికారంగా చెప్పగలను. అది రబ్బరు. దాన్ని కాస్త తినేలా చెయ్యాలంటే ఉల్లిపాయ మరో రెట్టు వేసి, తెలుపు సగం గట్టిపడగానే దించెయ్యాలి. క్షణం ఆలస్యమైతే చెప్పుల దుకాణంలో అమ్ముకోవచ్చు. పచ్చసొనలు వీధి కుక్కకు వేసేవాళ్ళం. ఆరు నెలల్లో దాని వెంట్రుకలు నిగనిగలాడాయి. నా జబ్బు నాకన్నా దానికే బాగా కలిసొచ్చింది. ఆరు నెలల తరవాత డాక్టరు, వారానికి రెండు పచ్చసొనలు తినొచ్చన్నాడు. ఆ రెండూ ఆదివారానికి దాచుకునేవాణ్ణి.

దసరా వెళ్ళాక ఒకనాడు మా ఆవిడ పత్తి ఏరే మనుషులకు మజ్జిగ కలుపుతూ, "ఈ కార్తీకం నుంచి నేను నీచు మానేస్తున్నా" అంది.

"నెలంతా ఎప్పుడూ మానేదే కదా?"

"నెల కాదు. ఇక మానేసినట్టే."

"గుడ్డు కూడానా?"

"గుడ్డేమన్నా చెట్టుకు కాస్తుందా?"

మెల్లగా విషయం బయటపడింది. నాకు స్టెంటు వేసేటప్పుడు పెదకాకాని శివాలయానికి వెళ్ళి మొక్కుకుందట, నేను నా కాళ్ళ మీద ఇంటికి నడిచొస్తే వచ్చే కార్తీకం నుంచి నీచు వదిలేస్తానని.

"నా పేరు మీద మొక్కేటప్పుడు నన్నొక మాట అడగక్కర్లేదా?"

"అడుగుదామనే వచ్చా. మీరు మత్తులో ఉన్నారు."

"అయితే పొట్లకాయ మానేస్తానని మొక్కలేకపోయావా?"

"పొట్లకాయ నాకు ఇష్టం లేదు కదండీ. ఇష్టమైనదే వదలాలి."

ఆ క్షణంలో నేను ఆ మాట పట్టుకోవాల్సింది. ఏది ఇష్టం, గుడ్డా, నేను చేసిన గుడ్డా అని అక్కడే అడగాల్సింది. పత్తి మనుషులు వింటున్నారని ఊరుకున్నాను. తప్పే.

ఆ రోజు నుంచి ఆదివారాలు లెక్కపెట్టుకున్నాను. కార్తీకంలో మొదటి సోమవారం దాకా నాలుగు ఉన్నాయి. ఒక్కో ఆదివారం ఒక్కో పొరటు చేసి, చివరి ఆదివారానికి మా అమ్మ పొరటు పెట్టి, ఆ రోజు ఆవిడ ఎదురుగా కూచుని, అడిగి, జవాబు తీసుకుని తీరాలని నిర్ణయించుకున్నాను. ఇక జన్మలో ఆవిడ తినదు. ఇప్పుడు చెప్పకపోతే ఎప్పటికీ చెప్పదు.

మొదటి ఆదివారం మునగాకు. రెండో ఆదివారం టమాటా, పుట్టింటి మర్యాద కోసం. మూడో ఆదివారం, అంటే దీపావళికి ముందుది, బావమరిది పొరటు చేశాను. ఎందుకంటారా? వాడిదీ నాదీ వారం తేడాలో తింటే నిజం ఆవిడ నాలుకకే తెలుస్తుందని. కావాలని చెడగొట్టే అవకాశం నాకుంది. చెడగొట్టలేదు. వెన్న వేశాను, పాలు పోశాను, చెయ్యి నొప్పి పుట్టేదాకా సన్న మంట మీద తిప్పాను. పగవాడి పొరటైనా చేతిలో పడ్డాక సరిగ్గా చెయ్యాలి. నిజం చెప్పాలంటే వాడి కన్నా బాగా కుదిరింది. గట్టిపడటానికి ఇంకొంచెం ఉందనగా దించితే చాలు, మిగతా పని పళ్ళెంలోకి వెళ్ళే లోపలే అవుతుంది. ఆవిడ తింది. పళ్ళెం వేలితో తుడుచుకుంది. తరవాత మూకుడు నా చేతిలోంచి తీసుకుని, చింతపండు పెట్టి తనే తోమింది. మేకుకు తగిలించి, ఒక నిమిషం అక్కడే నిలబడింది. మూకుడుకు చిల్లి పడిందేమో చూస్తోందనుకున్నాను.

బుధవారం దీపావళి వెళ్ళింది. ఆదివారం పొద్దున్నే నేను లేచి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాను. రెండు పెద్దవి, సన్నగా, నిలువుగా. ఆవిడ కాఫీ తెచ్చి గడప దగ్గర ఆగింది.

"ఎవరికండీ అన్ని ఉల్లిపాయలు?"

"మనకే. రేపే కదా సోమవారం."

"సోమవారమేంటి? కార్తీకం పాడ్యమి నుంచి కదా! గురువారం పొద్దున్నుంచీ తులసికోట దగ్గర దీపం పెడుతున్నా, చూడలా?"

చూశాను. దీపావళి ప్రమిదలు మిగిలాయనుకున్నాను. ఏ వారమూ లేని మనిషికి కార్తీకమంటే సోమవారాలే. ఆవిడ ఉపవాసం ఉండి నాకు అన్నం ఆలస్యమయ్యేది ఆ రోజుల్లోనే. నెల ఏ రోజు మొదలవుతుందో తెలుసుకునే అవసరం నాకెప్పుడూ రాలేదు. గోడ మీద క్యాలెండరుంది. అందులో నేను మిరప తోటకు మందు కొట్టాల్సిన రోజులు రాసుకుంటాను, తిథులు చూడను.

"అయితే నువ్వు చివరగా తిన్నది..."

"పోయిన ఆదివారం తిన్నదే."

"అది నీ తమ్ముడిది!"

"చేసింది మీరే కదా?"

"ఎలా ఉంది?"

కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టింది. "ఉల్లిపాయలు తరిగి పెట్టుకున్నారు, వాడిపోతాయి. చేసుకుని తినండి" అంది.

ఆవిడ లోపలికి పోలేదు. పెరటి వసారా స్తంభానికి ఆనుకుని, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోకుండా, అలాగే కూచుంది. నేను మొండిగా పొయ్యి వెలిగించాను. కరివేపాకు, పచ్చిమిరపకాయలు, ఉల్లిపాయ, పసుపు, ఉప్పు. గుడ్లు కొట్టాను. తరమలేదు, ఆగాను. తిరగేసి, దించి, కారం చల్లి మూత పెట్టాను.

పది గజాల దూరం నుంచి ఆవిడ అంది: "ఇవాళ కొంచెం ముందే దించారు."

మూత తీసి చూశాను. ముందే దించాను. ఉల్లిపాయల మధ్య తెల్లసొన ఇంకా వణుకుతోంది. మళ్ళీ పొయ్యి మీద పెట్టాను. సరిపోయిందనుకుని గ్యాసు కట్టెయ్యబోతే, "ఊ, ఇప్పుడు" అంది. ఒక్కణ్ణే కూచుని తిన్నాను. ఎలా ఉందో నేను చెప్పను. నా వంటకు నేను సాక్ష్యం చెబితే చెల్లదు.

బావమరిదికి ఫోనులో చెబితే, "ఇంకేం కావాలి బావగారూ? మీ కోసం మా అక్క గుడ్డు వదిలేసింది, అంతకన్నా జవాబేముంటుంది?" అన్నాడు. అందరూ ఇదే అంటున్నారు. వాళ్ళకు ప్రశ్న అర్థం కాలేదు. నేను బతకాలని ఆవిడ కోరుకుందా లేదా అని నేనెప్పుడూ అడగలేదు. ఆ సంగతి నాకు తెలుసు. నేను అడిగింది పొరటు గురించి. పది గజాల దూరం నుంచి, వాసన చూసో పొగ చూసో, నేను ఏ క్షణంలో దించాలో చెప్పగలిగిన మనిషికి, ఆ పొరటు ఎలా ఉండేదో తెలియకుండా ఉంటుందా? తెలుసు. ముప్పై ఏళ్ళుగా తెలుసు. దాచుకుంది.

పోయిన వారం గుళ్ళో పూజారిగారిని కూడా అడిగాను. ఆయన, మొక్కు మొదలయ్యాక తినడం తప్పు గానీ, అంతకు ముందు తిన్నదాని గురించి మాట్లాడటం తప్పు కాదన్నారు. కనుక ఆ వంక కూడా లేదు.

నేను రాసినవన్నీ మా ఆవిడ చదువుతుంది. కరెంటాఫీసుకు రాసిన కాగితాల్లో కూడా తప్పులు దిద్దింది. ఇదీ చదువుతుంది. చదివి, కాగితం మడిచి, పత్తికి మనుషులు ఎంతమంది వస్తున్నారని అడుగుతుంది. ఈసారి మనుషుల లెక్క తరవాత చెబుతాను. ముందు నువ్వు చెప్పు. మా అమ్మ పద్ధతిలో చేసినదీ, కల్లంలో పత్తికట్టె మీద చేసినదీ, ఇన్నేళ్ళూ పళ్ళెంలో మెతుకు మిగల్చకుండా తిన్నావు. ఎలా ఉండేది? బాగుందని అనక్కర్లేదు. బాగాలేదన్నా సరే, ఉప్పెక్కువైందన్నా సరే, రాసుకుంటాను. పెరట్లోనే ఉన్నాను. లోపలి నుంచి కేకేసినా వినిపిస్తుంది. చెప్పవే.